మేడమీది వాళ్ల పిలుపు

ఆదివారం వస్తే మా మేడమీది వాళ్లకు కాలు నిలవదు. ఆరు రోజులు హేచరీలో రొయ్యపిల్లల తొట్ల చుట్టూ, చెరువుల చుట్టూ తిరిగిన మనుషులు, ఏడో రోజు ఏం చెయ్యాలో తోచక ఇల్లంతా తిరుగుతారు. ఆ అడుగులు కింద నాకు వినబడుతూనే ఉంటాయి. పదకొండింటికి డాబా మీద బొగ్గులు రాజేస్తారు. చేప కాలుస్తారు. మైకు పెట్టె తెచ్చి ఒకరి తర్వాత ఒకరు పాడతారు. పాటకీ పాటకీ మధ్య మాట్లాడుకునేదంతా టిక్కెట్ల గురించే. ఎవరు ఎప్పుడు వెళ్లిపోతున్నారు, ఎవరు వెళ్లి మళ్లీ రాలేదు, అదీ సంగతి.

మాది బాపట్ల నుంచి సూర్యలంక వెళ్లే రోడ్డు పక్క సందు. శని, ఆదివారాలు హైదరాబాదు కార్లు సముద్రానికి వరసకట్టి పోతుంటాయి. సందులోకి మాత్రం ఎవరూ రారు. మా ఆవిడ అనసూయకు ఆయాసం, సముద్రపు గాలి మంచిదని డాక్టరు చెబితే, మా ఊరు కాకుమానులో రెండెకరాలు అమ్మి నాలుగేళ్ల కింద ఇక్కడ ఇల్లు కట్టాం. మేడ మీద రెండు పోర్షన్లు వేశాను. ఒకదాంట్లో హేచరీలో పనిచేసే జోయెల్, వాళ్లావిడ మారీతెస్, ఏడాది నిండబోతున్న పాప లియా. ఫిలిప్పీన్సు వాళ్లు. రెండోదాంట్లో సోంచాయ్ అని థాయిలాండు మనిషి. రొయ్యల మేత కంపెనీ తరఫున చెరువులు చూస్తాడు. యాభై దాటాయి. నేనెరిగిన నాలుగేళ్లూ ప్రతి ఆదివారం వచ్చే నెల వెళ్లిపోతానంటాడు.

నేను పెద్దగా మాట్లాడే మనిషిని కాను. ఏడో తరగతితో బడి మానేశాను, ఆ తర్వాత గేదెలతో, చేలతో నడిచిపోయింది. వాటికి ఎక్కువ మాటలు అక్కర్లేదు.

పాప పుట్టినరోజు మార్చి మొదటి ఆదివారం పడింది. దానికి పది రోజుల ముందు మారీతెస్ కిందకి వచ్చి గుమ్మం మీద కూర్చుంది. మమ్మల్ని బాబాయ్, పిన్ని అని పిలవడం అనసూయే నేర్పింది. తెలుగు మాత్రం చేపల బజార్లో నేర్చుకుంది. అందుకే ఏం మాట్లాడినా బేరమాడుతున్నట్టే ఉంటుంది.

"బాబాయ్, రెండు సంవత్సరాలు. ఈ వీధి వాళ్లు గేటు దగ్గర నిలబడతారు. పాప బుగ్గ గిల్లుతారు. ఫోటో తీస్తారు. లోపలికి రండి అంటే, మళ్లీ వస్తాం అంటారు. ఎప్పుడు మళ్లీ?"

నేను గేటు వైపు చూశాను.

"పాప పుట్టినరోజు తర్వాత సోమవారం జోయెల్ సంతకం పెట్టాలి. ఇంకో రెండు సంవత్సరాలు. నేను చెప్పాను, ఆదివారం ఈ వీధి నుంచి పదిమంది మా ఇంట్లో కూర్చోవాలి, మా అన్నం తినాలి. అప్పుడు సంతకం. లేకపోతే లేదు. గురువారం నేను, పాప వెళ్లిపోతాం. జోయెల్ ఉంటే ఉంటాడు."

"పదిమందేనా?"

"పది చాలా ఎక్కువా, బాబాయ్?"

ఆమె నవ్వుతూనే అంది. జోయెల్ మాత్రం మెట్ల మీద నిలబడి ఉన్నాడు, నవ్వలేదు.

ఆ వారంలోనే బాపట్లలో కార్డులు అచ్చేయించింది. గులాబీ రంగు కాగితం, పాప బొమ్మ, సాయంత్రం నాలుగున్నర. వీధి వాచ్‌మన్‌కిచ్చి సందులో ఇంటింటికీ పంచమంది. వాడు కొన్ని గేట్లకు గుచ్చాడు, కొన్ని పాలపాకెట్ల సంచుల్లో పడేశాడు. నేను అరుగు మీద కూర్చుని చూస్తూనే ఉన్నాను. కార్డు పడేస్తే ఎవరూ రారని నాకు తెలుసు. నోరు తెరవలేదు.

శనివారం అనసూయకు ఫోన్ చేశాను. తెనాల్లో వాళ్లక్క మోకాలు ఆపరేషనయితే చూసుకోవడానికి వెళ్లి అప్పటికి పదిహేను రోజులైంది. కార్డుల సంగతి చెప్పాను.

"అయ్యో రామ! కార్డు గేటుకి గుచ్చితే ఎవరొస్తారండి? కరెంటు బిల్లనుకుంటారు. బొట్టు పెట్టి పిలవమనండి ఇంటింటికీ వెళ్లి. బీరువా పై అరలో భరిణె ఉంది."

"ఊఁ."

"పూర్తిగా వినండి. బొట్టు పెట్టి పిలిస్తే పేరంటమే అనుకుంటారు. తాంబూలం పుచ్చుకుని పోతారు. భోజనాలు కూడా ఇక్కడే అని నోటితో విడిగా చెప్పమనండి. చెబుతారా?"

"చెబుతాలే."

మేడెక్కి మారీతెస్‌కు చెప్పాను. బొట్టు పెట్టి పిలవాలి అన్నాను. అంతవరకే అన్నాను. దానికే నాకు చాలా మాట్లాడినట్టనిపించింది. రెండో ముక్క గొంతులోనే ఉండిపోయింది. అదేమంత ముఖ్యమా అనుకున్నాను. ఇంటికొచ్చినవాళ్లు తినకుండా పోతారా అనుకున్నాను.

ఆమెకు తోడు ఎవరు? ఎదురింటి పుష్పలతను అడిగాను. పుష్పలత పుట్టిల్లు రేపల్లె. మొగుడు యేసుదాసు చేపల వ్యాను నడుపుతాడు. ఆదివారం పొద్దున చర్చి నుంచి వచ్చి, చీర మార్చకుండానే వచ్చింది.

"నేను బొట్టు పెట్టుకోను కదండి పున్నయ్యగారూ, నన్ను తోడు పంపుతున్నారేంటి?"

"నువ్వయితే గట్టిగా మాట్లాడతావు."

"అదా సంగతి! సరే, భరిణె నేను పట్టుకుంటా. పట్టుకుంటే అంటుకుపోదులే."

మారీతెస్ భరిణె మూత తీసి చూసింది. "మాకు కూడా ఉంది. నుదురు మీద బూడిద, ఒక బుధవారం."

"విభూతి బుధవారం," అంది పుష్పలత.

"అది నలుపు. ఇది ఎరుపు. అంతే కదా?"

ఇద్దరూ పడిపడి నవ్వారు. ఎండలో గొడుగు వేసుకుని సందు ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగారు. మొదటింట్లో మారీతెస్ బొట్టు కనుబొమ్మ మీద పెట్టిందని, వాళ్లు అద్దంలో చూసుకుని మురిసిపోయారని పుష్పలత తర్వాత చెప్పింది. "మా పాప పుట్టినరోజు, రండి" అన్న మాట ఇరవై ఇళ్లలో చెప్పారు. నాకు నాలుగేళ్లయినా ఆ ఇరవై ఇళ్ల గుమ్మం లోపల ఎలా ఉంటుందో తెలియదు. కాకుమానులో అయితే ఎవరింట్లో ఏ మూల నీళ్లబిందె ఉంటుందో చెప్పగలను.

మధ్యాహ్నమంతా మేడ మీద వంటలు. బారెడు పొడుగు నూడుల్సు, పాప ఆయుష్షు కోసమట, తుంచకూడదట. కోడిమాంసం. తొక్క తీసిన రొయ్యలు. సోంచాయ్ కుర్చీలు మోశాడు. మా ఇంట్లోవి ఆరు, వాళ్లవి ఎనిమిది. జోయెల్ నాలుగింటి నుంచి డాబా అంచున నిలబడి సందులోకి చూస్తున్నాడు. పిట్టగోడ మీద వేళ్లతో కొడుతూనే ఉన్నాడు. వద్దని చెయ్యి పట్టుకుని ఆపుదామనిపించింది.

నాలుగున్నరకు ఎవరూ లేరు. ఐదుకి ఎవరూ లేరు. మారీతెస్ పాపకు గౌను మార్చింది, మళ్లీ మొదటిదే వేసింది.

ఐదుంబావుకు వచ్చారు. ఒక్కసారే వచ్చారు. పట్టుచీరలు, మల్లెపూలు, వెనకాల పిల్లలు. నేను లెక్కపెట్టాను, ముప్పయ్యారు మంది. జోయెల్ మెట్లు దిగి ఎదురెళ్లి అందరికీ చేతులు జోడించాడు. సోంచాయ్ నా వీపు మీద చరిచి ఏదో అన్నాడు. పది కాదు, ముప్పయ్యారు.

ఆడవాళ్లు వరసగా పాప నెత్తి మీద అక్షింతలు వేశారు. అక్షింతలు కూడా వాళ్లే తెచ్చుకున్నారు. పాప చేతిలో నోటు పెట్టారు, ఒకరు వెండి గజ్జెలు పెట్టారు. పుష్పలత సిద్ధం చేసిన సంచుల్లో అరటిపండు, తమలపాకులు, కుంకుమ పొట్లం. అందుకున్నారు.

"కూర్చోండి, కూర్చోండి," అంటోంది మారీతెస్.

"పర్లేదమ్మా, వస్తామమ్మా."

"అన్నం..."

"ఇంకా రెండిళ్లకి వెళ్లాలమ్మా. పాప బంగారంలా ఉంది. వస్తాం."

అరగంట పట్టలేదు. పద్నాలుగు కుర్చీల్లో ఒక్కదాని మీదా ఎవరూ కూర్చోలేదు. ఒకామె మాత్రం చెప్పు పట్టీ సరిచేసుకోవడానికి ఒక కుర్చీని పట్టుకుంది.

జోయెల్ ఇంకా సంబరంగానే ఉన్నాడు. "ముప్పయ్యారు!" అన్నాడు. మారీతెస్ వాళ్ల భాషలో ఏదో అంది, గొంతు ఎత్తకుండానే. జోయెల్ మొహం మాడిపోయింది. తర్వాత ఆమె నావైపు తిరిగింది.

"పోస్టాఫీసుకు వచ్చినట్టు వచ్చారు, బాబాయ్. లైను కట్టారు. సంచి తీసుకున్నారు. వెళ్లారు. నేను ఏం తప్పు చేశాను? చెప్పండి."

చెప్పకుండా కిందకి దిగిపోవచ్చు. అలవాటైన పనే. కానీ ఆమె వంటగది గుమ్మంలో నిలబడి ఉంది, వెనకాల నాలుగు గిన్నెల్లో వంట అలాగే ఉంది, గురువారం ఎంతో దూరం లేదు.

"తప్పు నీది కాదమ్మా," అన్నాను. "నాది. మీ పిన్ని రెండు మాటలు చెప్పమంది. నేనొకటే చెప్పాను. బొట్టు పెట్టి పిలిస్తే ఇలాగే వస్తారు, ఇలాగే వెళ్తారు. అది మర్యాద. భోజనానికి అని విడిగా పిలవాలి. నాకు తెలుసు. చెప్పలేదు."

"ఎందుకు?"

"ఉండు, పిలుచుకొస్తాను," అని మెట్లు దిగాను.

అప్పటికి ఇంకా పొద్దుంది. నాలుగేళ్లలో ఒక్కసారీ తొక్కని గడపలు తొక్కాను. మొదటింట్లో టీవీ ముందు ఉన్నారు.

"ఇప్పుడే వచ్చి వెళ్లాం కదండి?"

"అది పేరంటం. ఇది భోజనం. రండి."

"చీరలు మార్చేసుకున్నామండి."

"ఉన్న చీరతో రండి."

రెండో ఇంట్లో ఆదివారం మాంసం వండుకున్నామన్నారు. మూడో ఇంట్లో, "మాకు వాళ్ల వంట పడదేమోనండి" అన్నారు. నాలుగో ఇంట్లో తలుపు తియ్యడానికే చాలాసేపు పట్టింది. చెమట కారిపోయింది. సందు మధ్యలో ఆగిపోయి, వెనక్కి పోదామా అనుకున్నాను. రిటైర్డు మాష్టారు వెంకటప్పయ్యగారు అరుగు మీద విసనకర్రతో కూర్చుని అంతా చూస్తున్నారు.

"ఏంటయ్యా పున్నయ్యా, ఇల్లిల్లూ తిరుగుతున్నావ్? ఎలక్షన్లో గానీ నిలబడ్డావా?"

విషయం మొత్తం చెప్పాను. సోమవారం సంతకం, గురువారం టిక్కెట్లు, పదిమంది, నేను మింగేసిన మాట. నా జన్మలో ఒక మనిషితో అంతసేపు మాట్లాడింది లేదు. ఆయన మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు.

"మొన్న నా పక్కనే బస్సు దిగి నలభై నిమిషాలు నడిచొచ్చావు, ఒక్క ముక్క మాట్లాడలేదు," అన్నారు చివరికి. "నీకు గర్వమనుకున్నాం ఇక్కడ. పద. మా ఆవిణ్ణి పిలుస్తానుండు. శిల్పా! పిల్లల్ని కూడా తీసుకురామ్మా!"

శిల్ప ఆయన కోడలు.

మాష్టారు, వాళ్లావిడ, శిల్ప, ఇద్దరు పిల్లలు. పుష్పలత, యేసుదాసు. మొత్తం ఏడుగురు. ఇక ఎవరూ రాలేదు. నేను కూడా ఒక కుర్చీలో కూర్చున్నాను.

"ఎనిమిది," అన్నాడు జోయెల్ మెల్లగా.

"ఏడు," అంది మారీతెస్. "బాబాయ్ కాకుమాను. లెక్కలోకి రాడు. మాలాగే బయటివాడు."

పుష్పలత పకపకా నవ్వింది. "బాగా అన్నావ్! మేం కూడా ఆయన్ని ఫిలిప్పీన్సు కిందే జమకట్టాం." మాష్టారు విసనకర్రతో నా మోకాలి మీద కొట్టారు. నాకూ నవ్వొచ్చింది. బాధ కూడా కలిగింది.

నూడుల్సు తుంచకూడదని చెబితే శిల్ప పిల్లలు నిలబడి, చేతులెత్తి, పైనుంచి నోట్లోకి వదులుకుని తిన్నారు. మాష్టారు రెండుసార్లు వడ్డించుకున్నారు. "అమ్మా, వంట బాగుంది గానీ కారం ఊళ్లోనే మర్చిపోయావు," అన్నారు. యేసుదాసు వెళ్లి గోంగూర పచ్చడి సీసా తెచ్చాడు. మారీతెస్ నడుం మీద చేతులు పెట్టుకుని, "మా నూడుల్సులో పచ్చడా? బయటికి!" అంది. ఎవరూ బయటికి పోలేదు. ఆమె కూడా ఒక వేలితో పచ్చడి నాకి చూసింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. కారానికో, దేనికో. మళ్లీ ఇంకొంచెం తీసుకుంది.

ఎనిమిదింటికి వాళ్లు లేచారు. గంటన్నర కూర్చున్నారు. మెట్ల దగ్గర జోయెల్ మారీతెస్ వైపు చూశాడు. ఏడుగురు, పదిమంది కాదు.

ఆమె గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెడుతోంది. నేను కుర్చీలు దించే మిషతో అక్కడే తచ్చాడాను. చివరికి తలెత్తకుండానే అంది, నాకు కూడా అర్థం కావాలనేమో తెలుగులో అంది.

"రెండు సంవత్సరాలకు లేదు. ఆరు నెలలకు రాయమను."

జోయెల్ ఫోన్ తీసుకుని డాబా మీదకు పోయాడు. మేనేజరుతో చాలాసేపు వాదించాడు. మర్నాడు పదింటికి ఆరు నెలలకే సంతకం పెట్టాడు.

గురువారానికి తీసుకున్న టిక్కెట్లు రద్దు చేశారు. శుక్రవారం నేను మంచినీళ్ల మోటారు చూడటానికి పైకి వెళ్లాను. ముందుగదిలో తలుపు పక్కన పెద్ద నీలం పెట్టె నిలబెట్టి ఉంది, సగం సర్ది. ఇది రాసేనాటికి నెల దాటింది. పెట్టె ఇంకా అక్కడే ఉంది. మారీతెస్ పాప గౌన్లు అందులోంచే తీస్తుంది, ఉతికి, మడిచి, మళ్లీ అందులోనే పెడుతుంది.