వడ్డన ఆగిన పూట

మధ్యాహ్నం వడ్డనకు ఇంకా పావుగంట ఉందనగా నలుగురు కూలీలు వంటక్క తమ్ముణ్ణి దుప్పట్లో మోసుకొచ్చి, హోటలు వెనక కట్టెల కొట్టంలో పడుకోబెట్టారు. గరిటె చేతిలో ఉండగానే ఆమె పరుగెత్తింది. తమ్ముడికి మోకాలి కింద ఎముక విరిగి చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"మంచు మీద జారాడక్కా. వీపు మీద రెండు మూటలు," అన్నాడు కూలీల పెద్ద. "ఇద్దరు మొయ్యాల్సిన బరువు. ఇద్దర్ని పెడితే ఇద్దరికీ కూలివ్వాలిగా!"

కొండ నడుమ ఆ హోటలు కట్టి నూట ఇరవై ఏళ్లు. హాలు గోడలనిండా శిఖరమెక్కినవాళ్ల ఫోటోలు. వాళ్ల మూటలు మోసినవాళ్లు ఒక్కదాంట్లోనూ లేరు. వంటక్క తండ్రి ఆ మంచులోనే పోయాడు. ఆ రోజున కూడా ఆమె కళ్లు తుడుచుకుంటూ గెస్టులకు రొట్టెలు కాల్చింది.

మేనేజరు వచ్చి కొట్టం గుమ్మంలోనే ఆగిపోయాడు.

"జీపియ్యండి బాబూ," అంది వంటక్క. "ఆస్పత్రికి రెండు గంటలు పడుతుంది."

"జీపు కొత్త గెస్టుల కోసం వెళ్లాలి. సీట్లకి రక్తమంటితే ఎవరు తుడుస్తారు? సాయంత్రం కూరగాయల లారీలో పంపిద్దాంలే. ముందు వడ్డన కానివ్వు. ముప్పైమంది కొండ దిగొచ్చి ఆకలి మీదున్నారు."

"సాయంత్రం దాకా వీడి కాలుంటుందా బాబూ?"

"నువ్వేమన్నా డాక్టరువా?"

తమ్ముడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. వేళ్లు చల్లగా కొయ్యబారి ఉన్నాయి.

"వెళ్లక్కా... ఉన్న పని కాస్తా పోతుంది," అన్నాడు పళ్లబిగువున.

ఇరవై రెండేళ్లుగా 'సరే బాబూ' తప్ప మరో మాట ఎరగని మనిషి, చివాలున లేచింది. వంటింట్లోకి వెళ్లి పొయ్యిలన్నీ ఆర్పేసింది. హాల్లోకి వెళ్లే తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడింది.

వెనకే వచ్చిన మేనేజరు అదిరిపడ్డాడు. "మతిపోయిందా నీకు?"

"జీపు కదిలాకే గిన్నె కదులుతుంది."

"ఇంక నువ్వు పనిలో లేవు, పో!"

"పనిలో లేనిదాన్ని, వడ్డించమని ఎలా అడుగుతారు బాబూ?" ఆమె తలుపు దగ్గర్నుంచి కదల్లేదు.

అంట్లు తోమే ముసలమ్మ తడిచేతులతోనే వచ్చి ఆమె పక్కన నిలబడింది. బయట కూలీలు తమ్ముణ్ణి దుప్పటితో సహా ఎత్తి జీపు దగ్గరికి తెచ్చారు. మూసిన తలుపు వెనక ఎవరో చెంచాతో పళ్లెం మీద టకటకా కొట్టసాగారు. మేనేజరు జేబులో జీపు తాళాలు గలగలమన్నాయి గానీ, చెయ్యి ఇంకా బయటికి రాలేదు.