నాలుగు గదుల సగటు

చేతిలో ఉన్న దుప్పటి సగం ఇస్త్రీ అయిందో లేదో, పంకజం ఆవిరి యంత్రం పక్కనే కుప్పకూలింది. తోటి ఆడవాళ్లు ఆమెను గుమ్మం దగ్గరికి మోసుకొచ్చి తడిగుడ్డతో మొహం తుడిచారు.

శరణ్య పరుగెత్తుకొచ్చింది. నగర శివారు మనలిలో హోటళ్ల దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో, గదుల్లో వేడి ఎంతుందో చూసి రోజూ బోర్డు మీద రాయడం ఆమె పని. స్టాటిస్టిక్స్ డిగ్రీ చదివిన పిల్ల. వ్యాసర్పాడిలో వాళ్లింటికీ పంకజం ఇంటికీ మధ్య ఒకటే గోడ. పరీక్షల రోజుల్లో ఆ పిల్లకు అన్నం కలిపి పెట్టింది పంకజమే.

"ఏమైందత్తా?"

"ఏం లేదు పాపా. కండ్లు తిరిగినాయి. ఈడ వేడెక్కువనుకుంటా ఉండా. నువ్వేమో దినామూ బోర్డులో ముప్పై రెండేనని రాస్తా ఉండావు. చదివినదానివి, నీ లెక్క తప్పు పోతుందా? నా ఒంట్లోనే ఏందో చెడిపోయుండాది."

శరణ్యకు తల కొట్టేసినట్టయింది.

వేడి ముప్ఫై అయిదు దాటితే పూటకు అరగంట విశ్రాంతి ఇస్తామని కంపెనీ ఒప్పుకుంది. మొదట్లో ఇస్త్రీ గది ఒక్కటే చూసేవారు. ఎండలు ముదిరాక రోజూ దాటేది, రోజూ పని ఆగేది. మేనేజరు మురళీధర్ తల పట్టుకుని కూర్చుంటే, సగటు తీద్దామని ఉపాయం చెప్పింది శరణ్యే. ఏసీ ఉన్న ఆఫీసులో ఇరవై నాలుగు, ప్యాకింగు గదిలో ఇరవై ఏడు, ఉతికే చోట ముప్ఫై మూడు, ఇస్త్రీ గదిలో నలభై నాలుగు. నాలుగూ కూడి నాలుగుతో భాగిస్తే ముప్ఫై రెండు. లెక్కలో తప్పు ఎవరు పట్టగలరు? సగటు చెప్పేటప్పుడు ఈ కొసకూ ఆ కొసకూ ఎంత తేడా ఉందో కూడా చెప్పాలని ఆమెకు తెలుసు. అది మొదటి ఏడాది పాఠం. ఇక్కడ ఆ తేడా ఇరవై డిగ్రీలు. చెబితే మెచ్చుకోలు దక్కదని మింగేసింది. ఆ నెలే ఆమె జీతం రెండు వేలు పెరిగింది, ఇస్త్రీ గదికి అరగంట పోయింది. తలుచుకుంటే తన మీద తనకే అసహ్యం వేసింది.

మురళీధర్ వచ్చాడు. "లేచి కూర్చుందిగా? ఇవాళ కూడా ముప్ఫై రెండేగా, బోర్డు మీద రాసెయ్యమ్మా. తిండి తినకుండా వచ్చి పడిపోయిందని రిపోర్టులో పెట్టు. సగం పూట కూలి కట్."

"నేను తినే వచ్చినా సార్," అంది పంకజం, తప్పు చేసినదానిలా.

"రాయను సార్," అంది శరణ్య.

"ఏంటి?"

"సగటు రాయను. ఈ గది వేడి ఈ గదికే రాస్తా."

"నీకు ఉద్యోగం కావాలా, వద్దా?"

శరణ్య వెనక్కి తిరిగింది. గుమ్మంలో పంకజం పక్కన చతికిలబడి, ఇంకా కాలిపోతున్న ఆమె చేతిని పట్టుకుంది.

"నీ ఒంట్లో ఏమీ లేదత్తా. ఈడ నలభై నాలుగుండాది. ఏసీ రూమును గూడా దీంట్లో కలిపి నేనే తగ్గించినా."

"మేము ఈడ ఉడికేది నీకు తెలుసునా?"

"ఆమా అత్తా. తెలుసు."

పంకజం ఆమె మొహంలోకి చూసింది. తర్వాత తన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది.