మైనం మారింది

నెరేయిదా గుడ్డసంచిలో కాఫీ వడకడుతోంది. బల్ల దగ్గర భర్త కార్మెలో, పగిలిన అరచేతులకు రాసుకుందామని మందు ట్యూబు నొక్కుతున్నాడు. బొటనవేలి గోరు తెల్లబడింది. మందు మాత్రం చీమ తలంత బయటికొచ్చి ఆగిపోయింది.

"నీ కంపెనీవాళ్లు ఇందులో సిమెంటు నింపారేమే?"

ఆమె నవ్వుతూ ట్యూబు అందుకుంది. చివర అచ్చొత్తిన బ్యాచ్ నంబరు చూడగానే నవ్వు ఆరిపోయింది.

"కాదులే నెరీ, వేళ్లకే పట్టు పోయింది. ఈ చేతులతో కొండ మలుపుల్లో వ్యాను నిండా జనాన్ని తిప్పడం..." మిగతా మాట మింగేశాడు.

తప్పు తనదేనేమోనని అప్పుడే చెప్పాల్సింది. "ముందు కాఫీ తాగు, చల్లారిపోతుంది" అంది.

ఊమకావ్ ఊరి చివర లేపనాల ఫ్యాక్టరీలో చిక్కదనం కొలవడం ఆమె పని. ఆ బ్యాచ్ లేపనంలో కలిపే మైనం వేరే చోటునుంచి వచ్చింది. చూపుకి తేడా లేదు. కలిపిన లేపనం ఒక రాత్రి కదలకుండా ఉంటేగాని అసలు బిగువు బయటపడదు. ఆ రోజు సరుకు లారీ వాకిట్లో ఉంది, దాని డ్రైవరు హారన్ కొడుతున్నాడు. గోరువెచ్చగా ఉండగానే కొలిచింది. మెత్తగా జారింది. సంతకం పెట్టేసింది.

ఈరోజు ఫ్యాక్టరీకి వెళ్లగానే, ఆ బ్యాచ్‌లోంచి దాచి ఉంచిన నమూనా తీసి మళ్లీ కొలిచింది. అంకె హద్దు దాటింది.

"కోరి తలనొప్పి తెచ్చుకుంటావేంటమ్మా?" పక్క బల్ల దగ్గర పనిచేసే దామారిస్ గొణిగింది. "కాస్త గట్టిపడితే ఎవరు చస్తారు?"

"నొక్కలేని చేతులవాళ్లే కదే దీన్ని కొనేది."

పై అధికారికి చెప్పింది. రేపు పనిలోకి రావాలో వద్దో కబురు చేస్తామన్నాడు. బస్సులో దారి పొడుగునా భర్తకు చెప్పాల్సిన మాటలు కూడబలుక్కుంటూనే ఉంది.

ఇంటిముందు వ్యాను లేదు.

"పై వీధి ఇస్మాయెల్‌కి అమ్మేశా" అన్నాడు కార్మెలో, బల్ల దగ్గర కూర్చుని. "అడగ్గానే ఎగిరి గంతేశాడు, వెధవ. హారన్ మూడుసార్లు మోగించి మరీ పోయాడు."

"నీ చేతులకేం కాలేదు" అంది ఆమె. "మందులో మైనం మారింది. తొందరపడి నేనే సరే అన్నాను."

అతను అరచేతులు తిప్పి చూసుకున్నాడు. వేళ్లు ముడిచాడు, విప్పాడు.

"పొద్దున్నే తెలుసా నీకు?"

ఆమె తల దించుకుంది.

కుర్చీ వెనక్కి జరిగింది. అతను మెట్లు దిగి వానలోకి వెళ్లిపోయాడు. తలుపు పక్క మేకుకి అతని టోపీ వేలాడుతోంది. రోజూ మందు రాసిన వేళ్లతో పట్టుకునే చోట దాని అంచు నల్లగా, నున్నగా మెరుస్తోంది.