వెలుగు మరక పడిన పట్టా

నేను ఒక ఇంటి పట్టాకు తీసిన మొదటి ఫొటోను. కాగితాన్ని కాను. నన్ను మడత పెట్టలేరు, నాకు చెదలు పట్టవు. పార్వతీపురం దగ్గర ఒక చిన్న రుణ సంస్థ ఆఫీసులో, హైమ అనే ఉద్యోగిని ఫోనులో పుట్టాను. అక్కడి స్కానర్ మరమ్మతుకు వెళ్ళి నెల దాటింది. పుట్టిన మరు నిమిషంలోనే క్లౌడ్‌కు చేరాను. ఆ చోటు ఎక్కడుందో నాకూ తెలియదు. ఏదో ఊళ్ళో, చల్లటి గదుల్లో యంత్రాలుంటాయని మాత్రం విన్నాను. అందులో సన్యాసమ్మ పేరున ఒక ఫోల్డర్ ఉంది. ఆమె ఆధార్ కార్డు, పాసుపుస్తకం ఫొటోలు నాకంటే ముందే వచ్చి సర్దుకున్నాయి.

సన్యాసమ్మ పదేళ్ళుగా కూలికి పనిచేసిన పిండి మర అమ్మకానికి వచ్చింది. దాన్ని తనే కొనాలనుకుంది. యజమాని శనివారం దాకానే ఆగుతానన్నాడు. అప్పు మంజూరు కావాలంటే నగరంలో కూర్చున్న అధికారి నన్ను చదవగలగాలి.

ఆయన చదవలేకపోయాడు. పట్టా పాడవకూడదని సన్యాసమ్మ దానికి ఎప్పుడో లామినేషన్ చేయించింది. మనుషులు బాగా ప్రేమించిన కాగితానికి ఊపిరాడనివ్వరు. ఆ ప్లాస్టిక్ మీద ట్యూబ్‌లైటు పడి, నాలో దక్షిణపు హద్దు ఉండాల్సిన చోట తెల్లగా మెరిసింది. 'స్పష్టంగా లేదు' అని తిప్పి పంపారు.

హైమ ఇంకో ఫొటో తీసింది. అది వచ్చి నా మీద కూర్చుంది. ఇక్కడ కొత్తది వస్తే పాతదాన్ని చెరిపేయరు. కిందికి తోసి 'పాత ప్రతి' అంటారు, అంతే. రెండోదానిలో హద్దులన్నీ కనిపించాయి గాని వెలుగు జరిగి సర్వే నంబరు మీద పడింది. మూడోది ఆరుబయట తీస్తే ఆకాశమంతా ప్లాస్టిక్‌లో దిగింది.

శుక్రవారం సన్యాసమ్మ మళ్ళీ వచ్చింది.

"ఏటమ్మా, మళ్ళీ ఎనక్కొచ్చీసిందా? నా పెళ్ళికి కూడా ఇన్ని ఫొటోలు తియ్యనేదు."

"ఈ ప్లాస్టిక్కే అడ్డం పిన్నీ."

"అయితే కోసీ."

హైమ కత్తెరతో ఒక మూల కోసి, పొరను మెల్లగా ఎత్తింది. దానితో పాటే ముద్రలోని నీలం సిరా కొంచెం లేచి వచ్చింది. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఆపకమ్మా. మర పోతే మళ్ళీ దొరకదు."

"పట్టా పోతేనో?"

సన్యాసమ్మ కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

హైమ కత్తెర పక్కన పెట్టి కంప్యూటర్ ముందు కూర్చుంది. పాత ప్రతుల్లోకి వచ్చింది. ఇటువైపు ఎవరూ రారు. నన్ను తెరిచింది, తర్వాత రెండోదాన్ని. చాలాసేపు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నాలో సర్వే నంబరు చక్కగా ఉంది. నాకు లేని దక్షిణపు హద్దు దానిలో ఉంది. ఇద్దరినీ ఒకే పేజీలో పక్కపక్కన అతికించి, చూడాల్సిన చోట్ల ఎర్ర గీతలు గీసి, కింద రాసింది: 'ఒకే పట్టా, రెండు ఫొటోలు. దయచేసి కలిపి చదవండి.'

శనివారం మధ్యాహ్నానికి మంజూరైంది.

కొన్నది చూపించాలన్న నియమం ప్రకారం రెండు వారాలకు మా ఫోల్డర్‌లోకి ఇంకో ఫొటో వచ్చింది. కనుబొమల మీద పిండితో సన్యాసమ్మ, పక్కన మర.

"మరను ఇంటికే తెచ్చుకున్నావా పిన్నీ? ఎక్కడ పెట్టావు?" అని హైమ అడిగింది.

"దక్షిణం పక్కనమ్మా. పెళ్ళై వచ్చిన కాణ్ణించీ ఆ జాగా ఖాళీగానే ఉండిపోనాది."

నాలో ఆ వైపు వెలుగు తప్ప ఏమీ లేదు. అక్కడ ఇప్పుడు పొద్దున్నే జనం బియ్యం సంచులతో వరుస కడుతున్నారట.