గొట్టానికి ఈ చివర

ఇలా దగ్గరికి జరుగు తల్లీ. ఆ తలుపు కాస్త ఓరగా వెయ్యి, లేకపోతే రోడ్డు మీది బండ్ల రొదలో నా మాట కొట్టుకుపోతుంది. ఇది వినడం తెలిసిన ఒక మనిషి కథ. సగం చెవితో వింటానంటే ఒప్పుకోను.

ఆ ఉదయం మెకానిక్ సగం శరీరం కారు డిక్కీ లోపల, సగం బయట ఉంది. మోకాళ్ళ కింద పాత రబ్బరు చాప ముక్క, నోట్లో రెండు బోల్టులు. నీలం రంగు సిలిండర్‌ను రెండు ఉక్కు పట్టీల మధ్య పడుకోబెట్టి బిగిస్తున్నాడాయన. మూతి ముందువైపుకు, మీది చీటీ పైకి ఉండాలి. అలా ఉంటేనే లోపలి సన్నగొట్టం అడుగు దాకా అందుకుంటుంది. పట్టీలు బిగించాక సిలిండర్‌ను పట్టుకుని ఊపి చూశాడు. కారు ఊగింది గానీ సిలిండర్ కదలలేదు. అప్పుడు గానీ నోట్లోంచి నిట్టూర్పు రాలేదు.

అందులో ఉండేది నైట్రస్ గ్యాసు. రేసు కార్లవాళ్ళకు దానిమీద మహా మోజు. మీట నొక్కగానే ఇంజను పీల్చే గాలికి తోడు మరింత ఊపిరి పోస్తుంది. ఊపిరి పెరిగితే తిండి కూడా పెరగాలి కదా. గ్యాసు పెరిగినంతగా పెట్రోలు పెరగకపోతే లోపలి పిస్టన్ మైనంలా కరుగుతుంది. బండి నెమ్మదిగా పోతుంటే సరే, తోలేవాడు బతికి బట్టకడతాడు. రేసులో అయితే ఆ కరిగినదీ, చిమ్మిన ఆయిలూ చక్రాల కిందికే వస్తాయి. ఆ తర్వాతి సంగతి నీకు చెప్పక్కర్లేదు.

అందుకే ఆయన పని చాదస్తంగా ఉండేది. గ్యాసు ఒత్తిడి మితిమీరితే బయటికి చిమ్మే గొట్టాన్ని కారు అడుగుకు రంధ్రం చేసి వీధిలోకే వదిలేవాడు. అది కారు లోపల చేరితే తోలేవాడు నవ్వుతూ నిద్రపోతాడనీ, మళ్ళీ లేవడనీ వచ్చినవాళ్ళందరికీ ఒకటే పాట. యాక్సిలరేటర్‌ను ఆఖరుకంటా తొక్కితే తప్ప మీట పనిచేయకుండా తీగలు కలిపేవాడు. సిలిండర్ చల్లబడిందని ఎవరైనా మంట చూపించబోతే చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా సాగనంపేవాడు. ఆయన కుడిచేతి వేళ్ళ చివర్లు తెల్లగా మొద్దుబారి ఉండేవి. వయసులో ఉన్నప్పుడు ఆ గ్యాసు చలికి కాలిపోయిన వేళ్ళవి. ఆ వేళ్ళతో టీగ్లాసు పట్టుకుంటే వేడో చల్లనో ఆయనకు తెలిసేది కాదు.

ఇల్లు షెడ్డు మీదే. ఆ పూట భార్య ఇనప మెట్లు దిగి వస్తూ మధ్యలో ఆగింది. ఒక చేత్తో టీ ఫ్లాస్కు, ఇంకో చేత్తో కమ్మీ. ఆయన డిక్కీలోంచి తల బయటపెట్టి చూశాడు. ఏమైందని అడిగితే మెట్లు వేడెక్కాయంది. మెట్ల మీద ఇంకా ఎండే పడలేదు. ఆయన ఆ మాట పట్టించుకోలేదు. ఆ తర్వాత చాన్నాళ్ళు అదే మాట పట్టుకుని కూర్చున్నాడు, పాపం.

షెడ్డు వెనకభాగంలో నేలలోకి దించిన రోలర్లు ఉండేవి. కారు చక్రాలు వాటిమీద పెట్టి, బండిని గొలుసులతో నేలకు కట్టేసి, కదలకుండానే ఎంత వేగమైనా తిప్పి చూడొచ్చు. పక్కన చిన్న గది. గదికీ రోలర్లకూ మధ్య మందపాటి అద్దం కిటికీ. కిటికీ కింద గోడకు కంత. ఆ కంతలోంచి ఒక రబ్బరు గొట్టం గదిలోకి వచ్చేది. అవతలి చివర ఇంజనుకు బోల్టుతో బిగించిన రాగి పైపు. ఇవతలి చివర మందపాటి స్పాంజి ఉన్న చెవి మూతలు. వాటి మధ్య ఆయన భార్య.

ఆ గొట్టం ఎలా వచ్చిందో చెప్పాలి. పెళ్ళయిన కొత్తలో ఆవిడ అన్నం గిన్నె తెచ్చి గుమ్మంలో నిలబడింది. లోపల ఆయన ఎవరిదో కారు రోలర్ల మీద ఉరికిస్తున్నాడు. ఆపాక ఆవిడ, "లోపలెవరో గోళీలాడుతున్నారా?" అనడిగింది. ఆయన నవ్వేశాడు. ఆయనకేమీ వినబడలేదు మరి. చిన్నప్పట్నుంచీ జనరేటర్ల గదుల్లో పనిచేసి ఆయన చెవుల్లో సన్నటి చప్పుళ్ళన్నీ ఎప్పుడో చచ్చిపోయాయి. మనిషి మాట వినబడేది, ఉరుము వినబడేది. గాజు మీద గోరు గీస్తే మాత్రం వినబడేది కాదు. ఆ వారంలోనే ఆ కారు ఇంజను ముక్కలైంది. గోళీల చప్పుడంటే ఏమిటో అప్పుడు తెలిసొచ్చింది. పెట్రోలు వేళకు ముందే లోపల పేలుతూ పిస్టన్‌ను కొట్టే చప్పుడది.

మర్నాడే రాగి పైపు తెచ్చి ఆ గొట్టం చేశాడు. ఆవిడ తలకు తొడుక్కుని, "మెడకు గొలుసు పెడతారనుకుంటే చెవులకు గొట్టం పెట్టారు" అంది.

అప్పట్నుంచీ పద్ధతి ఒకటే. ఆయన స్టీరింగు దగ్గర, ఆవిడ కుర్చీలో. వినేటప్పుడు కళ్ళు మూసుకునేది. చెయ్యి ఒళ్ళో పెట్టుకునేది. టక్కుమంటే చూపుడువేలు లేచేది. వేలు లేవగానే ఆయన కాలు తీసేసేవాడు. లేవకపోతే అంతా బాగున్నట్టే. షెడ్డుకు వచ్చేవాళ్ళు ఆవిడ ఊసుపోక కూర్చుంటుందనుకునేవారు. ఆ మెకానిక్ చెవి మహత్తరమైనదని, ఇంజను ఒంట్లో నలత కూడా ఇట్టే పట్టేస్తాడని చెప్పుకునేవారు. ఆయన కాదనలేదు. ఆవిడా కాదననివ్వలేదు. చెవిటివాడని తెలిస్తే ఎవడు బండి తెస్తాడని ఆవిడ భయం.

ఇక ఆ రోజు బండి ఎవరిదనుకున్నావు? ఆయన మేనల్లుడిది. తెల్లవారుజామున రొట్టెల వ్యాన్ తోలుతాడు, ఆదివారాలు ఊరి బయటి ట్రాక్ మీద రేసులకు పోతాడు. పిల్లలు లేని ఆ ఇంట్లో పెరిగినవాడే అయినా, మామ చెవుల గుట్టు వాడికీ తెలియదు. వాడి భార్యకు నెలలు నిండాయి. ఈ కాన్పు లోపల ఒక్క రేసు గెలవాలని వాడి పంతం. లోపలికి వస్తూనే కిటికీలోంచి తొంగిచూశాడు.

"ఏం అత్తా, కచేరీకి ముందే కూర్చున్నావే?"

"కచేరీయేరా. మీ మామ తాళం, నీ బండి గొంతు. గొంతు తప్పిందంటే నీ చెవి మెలిపెడతాను, చూసుకో."

వాడికి పెద్ద జెట్టు కావాలి. జెట్టంటే గ్యాసు పోయే దారిలో పెట్టే ఇత్తడి ముక్క, మధ్యలో సూదిబెజ్జమంత రంధ్రం. రంధ్రం పెద్దదైతే గ్యాసు ఎక్కువ, జోరెక్కువ. మెకానిక్ ఎవరికైనా మొదట చిన్నదే పెట్టేవాడు. మేనల్లుడైనా అంతే. వాడు బతిమాలాడు, అలిగాడు, రెండూ కుదరక వెళ్ళి పెట్రోలు గొట్టాలు బిగించే పనిలో సాయం చేశాడు. నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గులు చల్లని రకంవి వేశారు. నిప్పురవ్వ కాస్త ఆలస్యంగా పడేలా టైమింగు వెనక్కి జరిపారు. మధ్యాహ్నానికి బండి రోలర్ల మీదికెక్కింది.

అన్నం తినేటప్పుడు ఆవిడ ముద్ద కలిపి తినకుండా కూర్చుంది. మేనల్లుడు చేతులు కడుక్కోవడానికి వెళ్ళగానే నెమ్మదిగా అంది.

"ఇకమీదట నా వేలొక్కదాన్నే నమ్ముకోకండి. ఆపిన ప్రతిసారీ ప్లగ్గు తీసి చూడండి."

"ఏం, నీ చెవి కూడా పోయిందా?"

"చెవికేం, బంగారంలా ఉంది. మనిషినే ఎన్నాళ్ళని నమ్ముతారు?"

కాలుతున్న ఇంజనులోంచి ప్రతిసారీ ప్లగ్గు తీయడమంటే మాటలా అని ఆయన విసుక్కున్నాడు. చేతులు కాలతాయన్నాడు. ఆ వేళ్ళకు కాలినా తెలియదుగా అని ఆవిడ నవ్వింది. నవ్వి, ఎంగిలి చేత్తోనే ఆయన మణికట్టు పట్టుకుంది. మాటివ్వమంది. ఇన్నేళ్ళలో ఆయన్ను మాటడిగింది అదే మొదలు. ఇచ్చాడు. ఎందుకని మాత్రం అడగలేదు. అడిగినా చెప్పేది కాదనుకో. కింది వీధి డాక్టరు దగ్గరికి ఆవిడ ఒక్కతే ఎన్నిసార్లు వెళ్ళొచ్చిందో ఆయనకు తర్వాత తెలిసింది.

మొదట గ్యాసు లేకుండా తిప్పారు. తర్వాత చిన్న జెట్టుతో. షెడ్డు రేకులు దడదడలాడాయి. ఆయన కళ్ళు ముందున్న మీటర్ల ముళ్ళ మీద సగం, అద్దం అవతలి ఒళ్ళోని వేలి మీద సగం. వేలు లేవలేదు. ఇచ్చిన మాట ప్రకారం ఆపి, ప్లగ్గు తీసి చూశాడు. లోపలి పింగాణీ శుభ్రంగా తెల్లగా ఉంది, అంటే ఏదీ కరగలేదు. కిటికీ వైపు ఎత్తి చూపించాడు. ఆవిడ కళ్ళు తెరిచి, చూశానన్నట్టు తలూపింది.

మేనల్లుడు మళ్ళీ మొదలుపెట్టాడు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి పెద్దది పెట్టి చూడమన్నాడు. పాడైతే ఇక్కడే తెలిసిపోతుంది కదా, నీ చెవుందిగా అన్నాడు. ఆ మాటకు మెకానిక్ కిటికీ వైపు చూశాడు. ఆవిడ మూతలు సర్దుకుంటూ, కానివ్వండన్నట్టు చెయ్యి ఊపింది. ఎడమ చెవి కమ్మ ఎప్పుడూ మూతకు ఒత్తుకునేది. ఎప్పట్లాగే మొహం చిట్లించి దాన్ని సర్దుకుంది. కళ్ళు మూసుకుంది. చెయ్యి ఒళ్ళోకి వచ్చింది.

పెద్ద జెట్టు బిగించారు. ఆయన యాక్సిలరేటర్ తొక్కాడు, మీట నొక్కాడు. బండి గొలుసులు తెంచుకునేలా ముందుకు గుంజింది. వీపు సీటుకు అతుక్కుపోయింది. ముళ్ళు పైకి పాకాయి. వేలు లేవలేదు. ఇంకాస్త తొక్కాడు. అప్పుడూ లేవలేదు. ఆఖరు దాకా పోనిచ్చి ఒక్కసారిగా ఆపేశాడు.

మేనల్లుడు పరుగున వచ్చి ఆయన్ను కావలించుకున్నాడు. ఇంత జోరు ఈ ఊళ్ళో ఏ బండికీ లేదన్నాడు. గొలుసులు విప్పబోయాడు, తెల్లవారుజామున రొట్టెల వ్యాన్ ఎక్కాలి, ఇంటికి పోయి పడుకోవాలట. ఆయనకూ ఆకలిగా, అలసటగా ఉంది. వేలు లేవలేదంటే లేవలేదే. పానా పెట్టెలో పెట్టేశాడు కూడా. పెట్టాక, మణికట్టు మీద మధ్యాహ్నపు ఎంగిలి ఎండి అంటుకుని కనిపించింది. మళ్ళీ పానా తీశాడు.

ప్లగ్గును వెలుతురులోకి ఎత్తి పట్టుకున్నాడు. తెల్లటి పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు. చుక్కల మధ్య సన్నటి వెండి మెరుపు. పిస్టన్ కరగడం మొదలైంది. పెద్ద జెట్టుకు తగ్గ పెట్రోలు బండి పంపు తోడలేకపోయింది. అంటే గోళీలు ఆడాయన్న మాట, అదీ గట్టిగా, చాలాసేపు.

పరాకుగా ఉందేమో అనుకున్నాడు ముందు. ఆవిడ ఎప్పుడైనా పరాకుగా విన్నదా అని వెతుక్కున్నాడు. జ్వరంతో కూర్చున్నప్పుడు విన్నది. వాళ్ళమ్మ పోయిందని కబురొచ్చిన పూట కూడా, కడదాకా విని, వేలు దించి, అప్పుడు ఏడ్చింది. ఒక్క టక్కు కూడా ఆవిడను దాటిపోలేదు.

అప్పుడు తలెత్తి చూశాడు.

కళ్ళు మూసుకునే ఉంది. చెయ్యి ఒళ్ళోనే ఉంది. తల గోడకు కాస్త వాలింది.

ఆయన పరుగెత్తలేదు. వెనక్కి వెళ్ళి డిక్కీ తెరిచి, సిలిండర్ మూతి తిప్పి గట్టిగా మూశాడు. గ్యాసు తెరిచి ఉంచి బండి దగ్గర్నుంచి కదిలితే ఆవిడ ఊరుకునేది కాదు. మూసి, చేతులు గుడ్డకు తుడుచుకుని, గదిలోకి వెళ్ళాడు. ఆవిడ బుగ్గ మీద చెయ్యి వేశాడు. ఆ వేళ్ళకు వేడో చల్లనో తెలియలేదు. చెయ్యి తిప్పి మణికట్టు ఆనించి చూశాడు. అప్పుడు తెలిసింది.

మేనల్లుడు గుమ్మంలో నిలబడి డాక్టర్ని తెస్తానంటున్నాడు. ఆయన చేతిలోని ప్లగ్గు వాడికిచ్చాడు.

"నాకెప్పుడూ వినబడలేదురా. ఒక్కసారైనా. విన్నదంతా మీ అత్తే."

వాడు ప్లగ్గు చూశాడు, అత్తను చూశాడు, అక్కడే నేలమీద చతికిలబడ్డాడు. ఆ ఆదివారం రేసుకు వాడు పోలేదు. ఆ వారంలోనే వాడికి కూతురు పుట్టింది.

ఆవిడను సాగనంపాక, ఓదార్చడానికి వచ్చిన రేసువాళ్ళు ఆయన పనితనాన్నీ, ఆయన చెవినీ పొగుడుతూ కూర్చున్నారు. దుఃఖంలో ఉన్న మనిషికి నాలుగు మంచిమాటలు చెప్పాలనే అలా పొగిడారు, పాపం. ఆయన ఒక్కొక్కరినీ ఆపి అదే మాట చెప్పాడు. నమ్మినవాళ్ళు నమ్మారు. కొందరు ముసలాయనకు మతి చలించిందనుకున్నారు.

మేనల్లుడు తనే చిన్న జెట్టు తెచ్చి బండికి బిగించుకున్నాడు. అత్త బదులు తాను వింటానని ఒకరోజు కుర్చీ దగ్గరికి వెళ్ళాడు కూడా. నిలబడే మూతలు పెట్టుకుని చాలాసేపు విన్నాడు. ఏం వినబడిందని ఆయన అడిగితే, ఒకటే హోరు మామయ్యా, ఏమీ తెలియలేదన్నాడు. మూతలు తీసి యథాస్థానంలో పెట్టేశాడు. ఇప్పుడు ఆయన బండి ఆపిన ప్రతిసారీ ప్లగ్గు తీస్తాడు. పని ఆలస్యమవుతుంది. తొందరున్నవాళ్ళు వేరేచోటికి పోతారు. ఆయన తీసిన ప్లగ్గును ముందుగా కిటికీ వైపు ఎత్తి చూపించి, ఆ తర్వాతే తాను చూస్తాడు.

ఇదిగో తల్లీ, ఒక్కటి గుర్తుపెట్టుకో. ఎక్కడైనా ఎవరైనా ఆ మెకానిక్ చెవి గొప్పదని అంటే ఊరుకోకు. కూర్చోబెట్టి ఇదంతా చెప్పు. ఆవిడ ఎలా కూర్చునేదో, వేలు ఎలా లేచేదో చెప్పు. విన్నవాళ్ళను ఇంకొకరికి చెప్పమను. ఆ గొట్టం ఇప్పటికీ గోడ కంతలోంచి వచ్చి కుర్చీ చేతిమీదే ఆగి ఉంది. ఎడమ మూత స్పాంజిలో, ఆవిడ కమ్మ ఒత్తుకున్న చోట, చిన్న గుంట ఇంకా పూడలేదు.