గోలు వెనకాల రెండు నీడలు

"సిద్ధూ! ఒరేయ్ సిద్ధూ! ఆ రేకుల కింద గుడ్లు పెడుతున్నావా? ఎండలోకి రా!"

స్నిగ్ధ కేక కాలేజీ మైదానం ఈ చివర నుంచి ఆ చివరదాకా పోయి, గోడ అవతల కంపెనీ బస్సుల హారన్లలో కలిసిపోయింది. మంచినీళ్ళ కూలర్ పక్కన రేకుల షెడ్డు కింద నిలబడ్డ సిద్ధార్థ్ రెండు చేతుల్లోనూ రెండు ప్లాస్టిక్ గ్లాసులు ఎత్తి చూపించాడు, పనిలో ఉన్నానన్నట్టు.

"తలనొప్పి! నాకు ఎండ పడదని తెలుసుగా!"

"రెండేళ్ళ నుంచీ అదే తలనొప్పా? మందేసుకోరా బాబూ!"

గురువారం సాయంత్రం నాలుగయింది. షార్జాకి ఆనుకునే ఉన్న అల్ కుసైస్‌లో ఆ వేళకి ఎండ కాస్త మెత్తబడి, పసుపు నీళ్ళు కలిపినట్టుంటుంది. బెంచీల మీద మొత్తం ఆరుగురున్నారు. అందులో ఇద్దరు వైఫై కోసం వచ్చినవాళ్ళు. పసుపు చొక్కాల కాలేజీ జట్టు ఓడిపోవడానికి ఎప్పట్లాగే బూట్ల తాళ్ళు బిగించుకుంటోంది.

విజిల్ పడింది. నీడలు లేచాయి.

ఆట మొదలయ్యాక చూసేవాళ్ళ నీడలు వాళ్ళ కాళ్ళ దగ్గర ఉండవు కదా. ఎవరి మనసు ఏ జట్టు మీదుంటే ఆ జట్టు గోలు వెనకాల గడ్డిలోకి పోయి పడుకుంటాయి. ఆఖరి విజిల్ వినగానే తిరిగొచ్చి, విడిచిన చెప్పుల్లో కాళ్ళు దూర్చినంత సులువుగా మనిషిని అతుక్కుంటాయి. ఒకసారి ఓ కుర్రాడు ఆట అవకముందే సత్వా వెళ్ళే బస్సెక్కేస్తే, పాపం వాడి నీడ తరవాతి బస్సు పట్టుకుని వెనకాలే వెళ్ళింది. డ్రైవరు దానికి కిటికీ పక్క సీటు చూపించాడట.

కానీ నీడలకి మొహమాటం ఉండదు. అదే వాటితో చిక్కు. రెండు గోల్స్ పడ్డాయంటే చాలు, నోటితో "కమాన్ ఎల్లో!" అని అరుస్తున్నవాడి నీడ కూడా మెల్లగా లేచి, గడ్డి దులుపుకుని, మైదానానికి అడ్డంగా నడిచి గెలిచేవాళ్ళ గోలు వెనక్కి పోతుంది. ఆటగాళ్ళు వాటిని తొక్కకుండా పక్కకి తప్పుకుంటారు. అవతల వాచ్‌మన్ స్కోరు బోర్డు కూడా చూడడు. "నీడలు అటు పోయాయి, ఖలాస్" అని గేటు తీయడానికి లేస్తాడు.

స్నిగ్ధ నీడ మాత్రం కదలదు. అయిదు గోల్స్ పడినా సరే, జడ ఒక పక్కకి వేసుకుని, మోకాళ్ళు ముడుచుకుని అక్కడే పడి ఉంటుంది. సిద్ధార్థ్ మనసు పారేసుకున్నది నిజానికి ముందు ఆ నీడ మీదే. మొదటి ఏడాది, మొదటి మ్యాచ్‌లో చూశాడు. ఖాళీ గడ్డిలో సముద్రం ఒడ్డున ఎవరికోసమో ఎదురు చూస్తున్నట్టు కూర్చున్న నీడ. ఇది ఎవరిదబ్బా అని బెంచీల వైపు తిరిగితే, పొద్దుతిరుగుడు గింజలు కొరికి పొట్టు ఉమ్ముతూ "ఏవండీ రిఫరీ గారూ, కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయారా?" అని అరుస్తోంది ఓ భీమవరం పిల్ల. అదే స్నిగ్ధ. అంతే. ఆ పూట నుంచి సిద్ధార్థ్‌కి కాలు ఒక చోట నిలవలేదు.

ఆ నీడ పక్కనే ఇంకో నీడ ఉండేది. అదీ కదిలేది కాదు. సాయంత్రపు ఎండకి బారుగా సాగి, తల ఎక్కడో గోడలో విరిగిపోయి, ఎవరిదో పోల్చుకోవడానికి ఉండేది కాదు. మొదటి ఏడాదే ఓ రోజు స్నిగ్ధ నీళ్ళకోసం షెడ్డు దగ్గరికి వచ్చి, అతని కాళ్ళ వైపు చూసి, గోలు వైపు చూసి అడిగింది.

"నా పక్కనున్నది నీదేనా?"

సిద్ధార్థ్ తల ఊపాడు. అంతకంటే ఏమీ చెయ్యలేదు. ఊరికే తల ఊపాడు. ఆమె నవ్వింది. ఆ నవ్వు కోసం మనిషి ఎన్నిసార్లయినా తల ఊపుతాడు.

అసలు సంగతేమిటంటే సిద్ధార్థ్ నీడ పుట్టుకతోనే ఫిరాయింపు నీడ. చిన్నప్పుడు బిల్డింగ్ వెనక పార్కింగ్‌లో పిల్లలు క్రికెట్ ఆడుతుంటే అతని నీడ ఓవరు ఓవరుకీ పార్టీ మార్చేది. ఇంట్లో అమ్మా నాన్నా క్యారమ్స్ ఆడితే, ఎర్ర కాయిన్ వేసినవాళ్ళ కుర్చీ కిందకి పోయేది. "మా వాడు లోకం తెలిసినవాడు" అని నాన్న నవ్వేవాడు. అతనికి మాత్రం ఏడుపొచ్చేది. అందుకే ఈ రేకుల షెడ్డు. షెడ్డు నీడలో నిలబడితే తన నీడ అందులో కలిసిపోతుంది, దారి దొరక్క లోపలే కొట్టుకుంటుంది. మడమల దగ్గర గిలగిలలాడుతున్నట్టు తెలుస్తూనే ఉంటుంది, గంటన్నర సేపూ. ఆ గంటన్నరా సిద్ధార్థ్ గ్లాసులు సర్దుతాడు, మళ్ళీ సర్దుతాడు.

ఆ వేళ కూడా నాలుగు సున్నాతో ఓడిపోయారు.

మైదానానికి నీళ్ళు పెట్టే పని పోశయ్యది. జగిత్యాల దగ్గర పల్లెటూరు. అల్ ఖూజ్ కూలీల క్యాంపులో ఉంటాడు, పొద్దున్నే కంపెనీ బస్సులో వస్తాడు, చీకటి పడేలోగా అదే బస్సులో పోతాడు. తలకి తువ్వాలు, భుజాన చుట్టగా చుట్టిన రబ్బరు పైపు. గడ్డి అంతా తడిపి గోలు వెనకాల రెండు చోట్ల మాత్రం పైపు పక్కకి తిప్పేస్తాడు. నీడ కదలకుండా పడుకున్నచోట గడ్డిలో తడి ఆరదు. మళ్ళీ నీళ్ళు పెడితే వేరు కుళ్ళిపోతుందని అతని లెక్క.

జనవరిలో ఏం గాలి మళ్ళిందో, పసుపు జట్టు గెలిచింది. మళ్ళీ గెలిచింది. వరసగా నాలుగు. బెంచీలు చాలక జనం గోడలెక్కారు. స్టేషనరీ షాపులో పసుపు చొక్కాలు ఒక్క పూటలో ఖాళీ. ఎన్నడూ మైదానం మొహం చూడని మణి, సిద్ధార్థ్ క్లాస్‌మేట్, డోలు ఒకటి మెడలో వేసుకుని వచ్చాడు.

"మామా, మనం మొదట్నించీ ఎల్లో కదరా!"

"మొన్నటిదాకా ఫుట్‌బాల్‌కి బ్యాటు ఉండదని తెలీదు నీకు" అంది స్నిగ్ధ.

"అమ్మా తల్లీ, ప్రేమ లేటుగా పుడితే తప్పా?" అని డోలు వాయించాడు మణి. గోలు వెనకాల నీడలు ఒకదాని మీద ఒకటి, రంజాన్ నెలలో ఇఫ్తార్ వరసలా కిక్కిరిసిపోయాయి.

ఫైనల్ షార్జాలో, నీలం చొక్కాల జట్టుతో అని తెలిసిన రోజు స్పోర్ట్స్ చూసుకునే ఖాదర్ హుస్సేన్ సార్ అందర్నీ మైదానంలోకి పిలిచాడు. హైదరాబాద్ మనిషి, గొంతు మైకు అడగదు.

"సునో భాయ్, బస్సులో అందరూ రండి. కానీ మైదానం గీత పక్కన రెండు కుర్చీలు ఉంటయి. ఓడినప్పుడు కూడా మనతో ఉన్న ఇద్దరికి. టీమ్‌తో కలిసి లోపలికి నడుస్తరు. స్టూడెంటైనా, వాచ్‌మన్ అయినా నాకు ఫరక్ లేదు. పోశయ్యా, గడ్డి సంగతి నీకే తెలుసు. చూపించు!"

పోశయ్య పైపు దించి, గోలు వెనక్కి పోయి, ముదురాకుపచ్చగా ఉన్న రెండు చోట్లు చూపించాడు.

"ఇది గీ బిడ్డది సారూ. ఇగ ఇదేమో..." అని తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. ముసలాయన మొహంలో పెళ్ళిలో పేరు పిలుస్తారేమో అనుకునేవాడి సిగ్గు.

"సిద్ధూది సార్!" అంది స్నిగ్ధ.

చప్పట్లు. మణి డోలు. సిద్ధార్థ్ నోరు తెరిచాడు. పోశయ్య తన వైపే చూస్తున్నాడు. ఆ చూపులో కోపం లేదు, అదే భరించలేకపోయాడు. నోరు మూసుకుని తల ఊపాడు. రెండేళ్ళ కిందట ఊపినట్టే.

అప్పటికి గానీ అతనికి అర్థం కాలేదు, ఆ రెండో నీడ ఎవరిదో.

అందరూ పోయాక పంపు గది దగ్గరికి వెళ్ళాడు.

"పోశయ్య బాబాయ్, అదీ... నేను..."

"ఏమైంది బిడ్డా? పోయిరా, మంచిగ చూసి రా. నాకు గురువారం పైపుల పని ఉంటది."

"నీకెందుకు బాబాయ్ వీళ్ళంటే అంత ఇది? మొన్నటిదాకా ఆరేళ్ళూ ఓడిపోతూనే ఉన్నారుగా."

పోశయ్య పంపు కట్టేశాడు. ఎవరూ అడగని ప్రశ్న అది.

"నేను నీళ్ళు పెట్టిన గడ్డి మీద ఉరుకుతరు గద. కింద పడితే మోకాళ్ళకు నా గడ్డే అంటుతది. ఇగ నా నీడ ఇంకేడికి పోతది? నాకేమన్న గా నీలం అంగీలోళ్ళు ఎరుకా?" అని నవ్వి, పైపు చుట్టుకుంటూ మెల్లగా అన్నాడు. "షార్జా ఈడ నుంచి దగ్గరనే అంటరు గద బిడ్డా? ఆరేండ్లాయె, నేనైతే సూడలే."

ఆ వారమంతా సిద్ధార్థ్ కుదురుగా తిన్నది లేదు. రోడ్డు మీద బిల్డింగుల నీడ పట్టుకుని నడిచాడు. ఫోన్‌లో స్నిగ్ధకి "ఒక మాట చెప్పాలి" అని కొట్టడం, చెరిపెయ్యడం. ఒకసారి పొరపాటున పోయింది కూడా. "నాకు తెలుసులే" అని ఆమె నవ్వే బొమ్మతో జవాబిచ్చింది. ఆమె ఏం తెలుసనుకుందో తలచుకుంటే గుండె ఒక పక్క తేలిపోయింది, ఒక పక్క మునిగిపోయింది.

గురువారం వచ్చేసింది.

షార్జా స్టేడియంలో ఆ కుర్చీలకి చెట్టు లేదు, పందిరి లేదు. సిద్ధార్థ్ తెచ్చుకున్న గొడుగు గేటు దగ్గరే లాగేసుకున్నారు. జట్టుతో కలిసి నడిచి వచ్చి, నడి ఎండలో, వేల మంది చూస్తుండగా స్నిగ్ధ పక్కన కూర్చున్నాడు. ఆమె పసుపు చున్నీ గాలికి ఎగిరి అతని మోచేతికి తగులుతోంది. ఎప్పుడో కలలో ఇలాగే కూర్చున్నాడు, కాకపోతే కలలో మడమలు ఇంత వణకలేదు.

విజిల్. పదో నిమిషంలో పసుపు గోల్! అప్పటిదాకా ఎటూ తేల్చుకోని నీడలన్నీ వరదలా పసుపు గోలు వెనక్కి పరిగెత్తాయి. వాటిలో సిద్ధార్థ్ నీడ కూడా ఉంది. వెళ్ళి వెళ్ళి స్నిగ్ధ నీడ పక్కన చోటు చేసుకుని కూర్చుంది. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉండిపో, అని గొణుక్కున్నాడు. నీకు దణ్ణం పెడతా, ఇవాళొక్క రోజు ఉండిపో.

నీలం గోల్ పడింది. సగం ఆట అయ్యేసరికి ఇంకోటి. విరామం తరవాత మూడోది.

ముందు లేచింది మణి నీడ, డోలుతో సహా. దాని వెనక పదీ ఇరవై. ఆపైన లెక్కపెట్టడానికి లేదు, మైదానం నల్లబడిపోయింది. వెనక బెంచీల్లో జనం ఇంకా "ఎల్లో! ఎల్లో!" అంటూనే ఉన్నారు, ఫోన్లలో బస్సు టైము చూసుకుంటూ. సిద్ధార్థ్ కుర్చీ పట్టుకుని పాదాలు నేలకేసి అదిమాడు. ఏం లాభం? తాడు మీద ఆరిన బట్ట గాలికి లేచినట్టు అతని నీడ లేచింది. ఒక్క క్షణం స్నిగ్ధ నీడ వైపు చూసినట్టే అనిపించింది. తరవాత అందరితో పాటు అటు పోయింది.

స్నిగ్ధ చూడలేదు. గొంతు పోయేలా గోల్‌కీపర్‌కి ధైర్యం చెబుతోంది. చెప్పి, చెప్పి, గోలు వెనక్కి చూసింది. గడ్డిలో ఆమె నీడ ఒక్కతే ఉంది.

"సిద్ధూ," అంది. గొంతు బొంగురుపోయింది. "నీదేది?"

అతను నోరు విప్పేలోగా, పక్క గేటులోంచి ఒక నీడ లోపలికి వచ్చింది. పొడుగ్గా, కాస్త వంగి, దుమ్ము కొట్టుకుపోయి ఉంది. అల్ కుసైస్ నుంచి నడిచే వచ్చినట్టుంది. షార్జా రోడ్డు ట్రాఫిక్‌లో నీడకైనా ఆలస్యం తప్పదు మరి. గేటు దగ్గర మనిషి పక్కకి జరిగి దారి ఇచ్చాడు. నీడ గీత తొక్కకుండా చుట్టూ తిరిగి, స్నిగ్ధ నీడ పక్కన భుజం మీదిది ఏదో దించి, అలిసిపోయి కూలబడింది. కాసేపు అరచేత్తో అక్కడి గడ్డి నిమిరి చూసింది, తడి ఉందో లేదో అన్నట్టు.

స్నిగ్ధ ఊపిరి పీల్చుకుని నవ్వింది. అదే నవ్వు.

"హమ్మయ్య. వచ్చేసింది నీది! భయపెట్టావు కదరా. నాకు తెలుసు నువ్వు పోవని." కళ్ళు చికిలించింది. "కానీ సిద్ధూ, ఆ పక్కన చుట్టేమిటి? పైపులా ఉందే?"

తల ఊపితే చాలు. మూడోసారి. మెడ అప్పుడే కిందకి కదలబోయింది కూడా. గోలు వెనకాల ఆ నీడ తువ్వాలుతో మెడ తుడుచుకుంటోంది. అవతల అల్ కుసైస్‌లో, ఖాళీ మైదానం మధ్యలో, ఎండలో నీడ లేకుండా నిలబడి పైపు పట్టుకున్న మనిషి సిద్ధార్థ్‌కి కనిపించాడు. షార్జా దగ్గరనే అంటరు గద బిడ్డా.

అతను లేచి నిలబడ్డాడు. కుర్చీ ఖాళీ చేసి పక్కకి జరిగాడు.

"స్నిగ్ధా, అది నాది కాదు. ఎప్పుడూ కాదు. అది పోశయ్య బాబాయ్‌ది, ఈ కుర్చీ కూడా ఆయనదే. నాది అదిగో, గెలిచేవాళ్ళ గోలు వెనకాల, మణిగాడి పక్కన."