రెండు వేళ్ళకు చోటు

మిషనమ్మ దేనికీ ఓ పట్టాన ఆశ్చర్యపోయే రకం కాదు. హోటలు వంటింట్లో తరుగుడు బల్ల దగ్గర నిలబడి, పక్కవాళ్ళతో కబుర్లాడుతూ, చేతివంక చూడకుండానే బస్తాడు ఉల్లిపాయలు ఒకే మందాన తరిగి పడేస్తుంది కాబట్టి అక్కడివాళ్ళు ఆమెకి ఆ పేరు పెట్టారు. లోకంలో ఎవరేం ఘనకార్యం చేసినా "ఆఁ, ఏముందిలే" అనడం ఆమెకి అలవాటు. సొంత అక్క మొగుడు చేసే కత్తుల కోసం ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి నెలల తరబడి కాచుకుంటారని తెలిసి కూడా ఇన్నేళ్ళలో ఒక్క మంచిమాట అన్న పాపాన పోలేదు. "ఇనపముక్కకి జడేస్తాడు మా బావ" అని నలుగురిలో ఏడిపించేది.

ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. బావ ఉక్కుని తనే కాల్చి, సాగగొట్టి, పదును పెడతాడు గానీ పిడి మాత్రం జపాను వాళ్ళ పద్ధతిలో కడతాడు. రెండు చెక్క బద్దలు, వాటి మీద ఆవగింజలు పరిచినట్టు గరుకుగా ఉండే చేపతోలు, ఆ పైన చదునైన నూలుతాడు. తాడు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతుంటే మధ్యమధ్య చేపతోలు వజ్రాల్లాగా తొంగిచూస్తుంది. బావ మాటలు తక్కువ మనిషి. మరదలు ఎంత ఏడిపించినా నవ్వి ఊరుకునేవాడు.

కిందటి వానాకాలంలో పగిలిన గాజుగిన్నె ఒకటి ఆమె కుడి అరచేతిని కోసేసింది. పైన గాయం మానింది గానీ లోపల తెగిన నరం మానలేదు. చిటికెన వేలూ, ఉంగరపు వేలూ ఉన్నాయన్న మాటేగానీ వాటికి స్పర్శ లేదు, పట్టు లేదు. ఈ సంగతి ఎవరికీ పొక్కనివ్వలేదు. అక్క అడిగితే కూడా శుభ్రంగా తగ్గిపోయిందని బుకాయించింది. తరగడం తప్ప ఇంకో పని చేతకాని మనిషికి ఆ చెయ్యే పోయిందని తెలిస్తే ఏం మిగులుతుంది?

పాత కత్తి చేతిలో తిరిగిపోతూ ఉంటే, బావ కట్టిన పిడయితే నిలుస్తుందేమోనని ఆశ పుట్టింది. వెళ్ళి, ఏదో ఆయనకే ఉపకారం చేస్తున్నట్టు, తనకూ ఒకటి చేసిపెట్టమంది.

బావ కొలతలు టేపుతో తీసుకోడు. కర్రముక్క చుట్టూ తడిమట్టి ముద్ద పెట్టి, పని చేసేటప్పుడు ఎలా పట్టుకుంటావో అలా పట్టుకోమంటాడు. ఆ ముద్దని బట్టే పిడి చెక్కుతాడు, తాడు కడతాడు. ఆరాక ఆ ముద్ద గోడనున్న అరల్లోకి చేరుతుంది. మాంసం కొట్టేవాడిది, తోటమాలిది, చెప్పులు కుట్టేవాడిది, ఎవరి పట్టు వాళ్ళదిగా ముద్దలన్నీ వరసగా ఉంటాయి. వాటి మీద పేర్లుండవు. చూస్తేనే ఆయనకి మనిషి గుర్తొస్తాడు.

ఆవిడ ముద్దని పట్టుకుని నిలబడ్డ సమయానికి కొలిమిలో బ్లేడు ఒకటి పదునుకొచ్చింది. దాన్ని నూనెలో ముంచడానికి బావ అటు తిరిగాడు. ఆ సందులో మిషనమ్మ ఎడమచేతిని కుడిచేతి మీద వేసి, చచ్చిన వేళ్ళు రెంటినీ బలంకొద్దీ నొక్కేసింది. అయిదు వేళ్ళూ మట్టిలోకి దిగాయి. బావ ఇటు తిరిగి చూసి, గట్టి చెయ్యే అన్నాడు. ఆమె ఏమీ ఎరగనట్టు నవ్వింది.

కత్తి తయారై వచ్చింది. చూడ్డానికి కళ్ళు చాలలేదు. కానీ ఎంత అందంగా ఉంటేనేం, అది లేని చేతికోసం చేసిన కత్తి. కొన్నాళ్ళు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నెట్టుకొచ్చింది. ఒకరోజు గుమ్మడికాయ మీద బలం వెయ్యగానే పిడి గిర్రున తిరిగి, కత్తి జారి పాదం పక్కనే నేలమీద పడింది. పక్కవాళ్ళ పైప్రాణాలు పైనే పోయాయి. హోటలు యజమాని కేకలేసే మనిషి కాదు. ఆమెని ఆకుకూరలు ఏరే పీట దగ్గర కూర్చోబెట్టి, చెయ్యి కుదురుకుంటే మళ్ళీ బల్ల దగ్గరికి రమ్మనీ, లేకపోతే వచ్చేవారం నుంచి ఇంకొకరిని చూసుకుంటాననీ నెమ్మదిగా చెప్పాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

తప్పంతా కత్తి మీదకి తోసెయ్యడం కన్నా ఆమెకి వేరే దారి తోచలేదు. గుడ్డలో చుట్టి తీసుకెళ్ళి బావ ముందు పెట్టింది.

"పిడి జారుతోంది బావా. తాడు సరిగ్గా బిగించినట్టు లేవు."

పక్కగదిలో బట్టలు మడతపెడుతున్న అక్క ఆ మాట విని ఉలిక్కిపడి గుమ్మంలోకి వచ్చింది. అలాంటి మాట ఆ ఇంట్లో అంతవరకూ ఎవరూ అనలేదు. బావకి కోపం రాలేదు. కత్తిని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, పిడిని వెలుగులో అటూ ఇటూ తిప్పాడు. తర్వాత ఆమెని పిలిచి చూపించాడు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు పడేచోట తాడు నూనె తాగి, చెమట తాగి నల్లబడింది. దాని కిందిభాగం మాత్రం కట్టిన రోజు ఎలా ఉందో అలాగే తెల్లగా ఉంది.

"ఈ కింది సగాన్ని ఎవరూ పట్టుకోలేదమ్మా," అన్నాడు.

ఎవరికీ చెప్పని సంగతి, కన్నతల్లి లాంటి అక్క దగ్గర కూడా దాచిన సంగతి, ఆ తాడు ఇన్నాళ్ళూ రాసి పెట్టుకున్నట్టు అక్కడ కనిపిస్తోంది. బావ అరలోంచి ఆమె ముద్దని తీసి పిడి పక్కన పెట్టాడు. అయిదు వేళ్ళ గుంటలు.

"మరి ఇదెవరి చెయ్యి?"

అప్పుడు చెప్పింది. ఎడమచెయ్యి సాయం పట్టిన సంగతి, గుమ్మడికాయ సంగతి, ఆకుకూరల పీట సంగతి, అన్నీ. అక్క వచ్చి ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకుంది. తను ఆ రెండు వేళ్ళనీ నిమురుతున్నా చెల్లెలికి తెలియడం లేదని గ్రహించి ఏడ్చింది. బావ మాత్రం తప్పు తనదేనన్నాడు. తను ముద్దని చూశాడు గానీ చేతిని చూడలేదట. ఆ మాట అంటూనే చిన్న చాకు తీసి, అన్ని రోజుల తన కష్టాన్నీ, ఆ తాడునీ, నిలువునా కోసేశాడు.

కొత్త మట్టి పెట్టాడు. ఈసారి ఆమె ఎడమచెయ్యి కొంగులో ఉండిపోయింది. ముద్దలో మూడు వేళ్ళు దిగాయి. మిగతా రెండుచోట్లా ఈగ వాలినంత గుర్తు. దాన్ని చూసి ఆమెకి సిగ్గేసింది. బావ మాత్రం ముద్దని భద్రంగా ఎదురుగా పెట్టుకుని పనిలోకి దిగాడు.

మిషనమ్మ మొదటిసారి కళ్ళప్పగించి చూసింది. చెక్కని కొంత తొలిచి, కొంత అతికి, కొత్త చేపతోలు బిగించాడు. తాడు తడిపి పిండి, రెండు కొసలూ చెరో వైపుకీ లాగి, దాటిన ప్రతిచోటా మెలితిప్పాడు. ఒకసారి కుడిది పైన, మరోసారి ఎడమది పైన. ఒక్కొక్క దాటు కిందా కాగితం మడత దూర్చాడు. మధ్యవేలు దగ్గర పలచటి మడత, దిగువకి వచ్చేకొద్దీ లావు మడత. మొద్దుబారిన వేళ్ళ కింద పిడి మెల్లగా ఎత్తు పెరిగి, చివర మణికట్టు దగ్గర అరచేతికి తన్నిపట్టేలా వెడల్పయింది. జిగురు చుక్క వాడలేదు. తాడుని తాడే పట్టుకుంది. కాగితమూ, నూలూ కలిసి ఒక మనిషి చేతికి పోయినదాన్ని తెచ్చిపెడుతున్నాయి. ఇన్నేళ్ళూ ఈ గుమ్మంలో కూర్చుని తను నవ్వింది దీన్ని చూసేనా అనుకుంది. నోరెళ్ళబెట్టి చూస్తున్న చెల్లెల్ని చూసి, "జడ బాగా కుదురుతోందా?" అంది అక్క.

తాడు ఆరి బిగుసుకున్నాక మర్నాడు కత్తి చేతికిచ్చాడు. ఆమె భయంభయంగా పట్టుకుంది. మూడు వేళ్ళు పట్టుకున్నాయి. మిగతా రెండూ వాటంతటవే వెళ్ళి ఎత్తు మీద వాలాయి. బావ బ్లేడుకి మందపాటి గుడ్డ చుట్టి, పట్టుకుని మెలితిప్పబోయాడు. పిడి కదల్లేదు. ఆయన ఇంకా బలం పెట్టాడు. ఆమె చెయ్యంతా తిరిగింది గానీ, చేతిలో కత్తి తిరగలేదు.

"వాటిచేత పని చేయించలేను," అన్నాడు బావ. "కూర్చోడానికి చోటిచ్చాను, అంతే."

మిషనమ్మ పాత ముద్దని తీసుకెళ్ళి బక్కెట్లో నీళ్ళల్లో పడేసింది. కొత్తదాన్ని అరలో మాంసం కొట్టేవాడి పట్టుకీ, తోటమాలి పట్టుకీ మధ్యన తనే పెట్టింది. తర్వాత వంగి, జీవితంలో ఎన్నడూ లేనిది, బావ కాళ్ళకి దణ్ణం పెట్టబోయింది. ఆయన కంగారుపడి కొలిమి చాటుకి పోయాడు.

హోటల్లో ఎవర్నీ అడక్కుండా నేరుగా బల్ల దగ్గరికి వెళ్ళి, అన్నిటికన్నా పెద్ద గుమ్మడికాయని ముందుకు లాక్కుంది. వంటింట్లో పనులు ఆగిపోయాయి. యజమాని కూడా వచ్చి నిలబడ్డాడు. కత్తి ఒక్క ఊపున కిందిదాకా దిగింది. కాయ రెండుగా విడిపోయి బల్ల మీద ఊగింది. ఆమె ఇంకొకటి లాక్కుంది.

యజమాని చేతివంకే చూస్తున్నాడు. ఆ రెండు వేళ్ళూ అలా ఊరికే ఉన్నాయేమని అడిగాడు.

"అవి పనిచెయ్యవండీ," అంది మిషనమ్మ, వంటిల్లంతా వినేలా. "చచ్చుబడ్డాయి. మా బావ వాటికి కూర్చోడానికి చోటిచ్చాడు."

చెప్పేసి, చేతివంక చూడకుండా తరగడం మొదలుపెట్టింది.